కౌంటరుకు అటూ ఇటూ

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా, దిండోలి, పర్వత్ పాటియా వైపు వెళ్తే సాంచాల (పవర్‌లూమ్ మగ్గాల) చప్పుడు మధ్య తెలుగు మాటలు వినబడుతూనే ఉంటాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల నుంచి పవర్‌లూమ్ పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు రెండు మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలిక తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. పెద్దవాళ్లు సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టులు చేస్తే, పిల్లల్లో కొందరు ఆ పని వద్దనుకుని ఊరూరా బ్రాంచీలున్న పెద్ద స్టోర్లలో బిల్లింగ్ దగ్గరో, ర్యాకులు సర్దడానికో చేరుతున్నారు. పగార్ రాగానే నెల సరుకుల కోసం ఆ ఇళ్లవాళ్లు వెళ్లేదీ అలాంటి స్టోర్లకే. లైన్లో గంటలు గంటలు నిలబెడుతున్నారని కొనేవాళ్లు వాపోతే, కాళ్లు పీకుతున్నాయని పనిచేసేవాళ్లు వాపోతారు. ఈ రెండు గోడులకూ మూలం ఒక్కటేనని నా వాదన. దాన్ని ఒంటిగొంతుతో చెప్పేకంటే ఎదురు ప్రశ్నల మధ్య నిలబెట్టి చూడటం మేలనిపించి సంవాదంగా రాస్తున్నాను. తమ్ముడు రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో లెక్కలు రాస్తాడు. అక్క తెలుగు బడిలో పంతులమ్మ. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. అక్క పక్షమే నా పక్షం. అయినా తమ్ముడి మాటల్లో బలం ఉన్నచోట దాన్ని తగ్గించి రాయలేదు.

తమ్ముడు: పెద్ద స్టోర్లను తిట్టడం తేలికే అక్కా. అవి రాకముందు మనవాళ్లు ఎలా కొనేవాళ్లో కూడా గుర్తు తెచ్చుకో. కిరాణా కొట్లో ధర అడగాలి, అదీ గుజరాతీలోనో హిందీలోనో. కొత్తగా సిరిసిల్ల నుంచి వచ్చిన ఇల్లాలికి రెండూ రావు. అడిగి వద్దంటే సేటు ముఖం మాడ్చుకుంటాడు. ఉద్దెర పెట్టినవాడైతే ధర ఎంతని అడిగే ధైర్యమే ఉండదు, వాడు రాసిందే లెక్క. స్టోర్‌లో ధర ర్యాకు మీదే ఉంటుంది. చేత్తో తీసి, తేదీ చూసి, నచ్చకపోతే అక్కడే పెట్టేయొచ్చు. బిల్లు అచ్చయి వస్తుంది. పైగా చౌక ఊరికే రాలేదు. 2002లో ముంబయి పొవాయ్‌లో మొదటి స్టోర్ తెరిచిన డీమార్ట్ ఇప్పుడు నాలుగు వందలు దాటింది. స్థలాలు ఎక్కువగా సొంతంగా కొనుక్కుని అద్దె తప్పించుకుంది. సరుకిచ్చేవాళ్లకు తొందరగా డబ్బు కట్టి ధర తగ్గించుకుంది. అలా ఖర్చు చూసుకోనివాళ్ల గతి ఏమైంది? 2001లో మొదలై దేశమంతా పాకిన బిగ్ బజార్ అప్పుల్లో మునిగింది. అద్దెలు కట్టలేకపోయింది. 2022 ఫిబ్రవరిలో దాని స్టోర్లు వందల సంఖ్యలో రిలయన్స్ చేతికి పోయాయి. స్టోర్ మూతపడితే మొదట రోడ్డున పడేది నువ్వు జాలిపడుతున్న ఆ కౌంటరు పిల్లలే.

అక్క: ధర సంగతి ఒప్పుకుంటాను తమ్మీ. కిరాణా కొట్టే స్వర్గమని నేనూ అనను. నేనడిగేది మనుషుల లెక్క గురించి. పగార్ వచ్చిన వారం, ఆదివారం సాయంత్రం ఏ పెద్ద స్టోర్‌కైనా వెళ్లు. బిల్లింగ్ కౌంటర్లు పది పన్నెండు కట్టి ఉంటాయి, మనిషి ఉన్నవి సగం దాటవు. ఆ సగంలో ఒకదాని దగ్గర ఏం జరుగుతుందో కాసేపు చూడు. ర్యాకు మీద ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అని చీటీ ఉంది. ఆఫరు నిన్నటితో అయిపోయింది. చీటీ పీకేయడానికి ఆ వరసలో మనిషి లేడు. బిల్లులో మూడింటికీ డబ్బు పడింది. కొన్నామె ‘అయితే వద్దు’ అంటుంది. ఎక్కిన సరుకు బిల్లులోంచి తీసేసే అధికారం కౌంటరు అమ్మాయికి లేదు, సూపర్‌వైజర్ వచ్చి పాస్‌వర్డ్ కొట్టాలి. ఆయన ఇంకో అంతస్తులో ఇంకో గొడవ తీరుస్తున్నాడు. ఆమె చెయ్యెత్తి పిలుస్తూ ఉంటుంది, వెనక లైను కదలదు, చంకలో పిల్లాడు ఏడుస్తాడు, ఎవరో గట్టిగా అరుస్తారు. చీటీ ఉంచింది ఆమె కాదు, ఆఫరు పెట్టిందీ ఆమె కాదు. కనబడే మనిషి ఆమె ఒక్కతే కాబట్టి తిట్లన్నీ ఆమెకే. పొద్దుటి నుంచి నిలబడే ఉంది, కౌంటరు వెనక స్టూలుకు చోటే ఉంచరు. షిఫ్టు దిగేటప్పుడు గల్లాపెట్టెలో వంద రూపాయలు తక్కువైతే జవాబు చెప్పుకోవాల్సిందీ ఆమే. ఇక్కడ కొనేవాళ్ల విసుగు వేరు, పనిచేసేదాని అలసట వేరు అని ఎలా విడదీస్తావు? అంతస్తుకు ఎంతమంది మనుషులను పెట్టాలన్న నిర్ణయం పైన ఒక్క చోట జరిగింది. ఆ తగ్గించిన మనుషుల పని ఇటు లైన్లో ఉన్నవాళ్ల సమయం మీదా అటు కౌంటరులో ఉన్నదాని ఒంటి మీదా పడింది.

తమ్ముడు: లెక్కలు రాసేవాణ్ని, లెక్కే చెప్తాను. నువ్వు చూపిన రద్దీ వారంలో కొన్ని గంటలే. మంగళవారం మధ్యాహ్నం అదే స్టోర్‌కి వెళ్తే కౌంటరు దగ్గర ఈగలు తోలుకుంటూ ఉంటారు. ఆ కొన్ని గంటల కోసం నెలంతా జీతాలు ఇస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? కందిపప్పు కిలో మీద, నూనె ప్యాకెట్ మీద వేయాలి. అప్పుడు ‘పేదవాళ్లకు ధరలు పెంచారు’ అని తిట్టేదీ మనమే. పక్క స్టోర్‌లో రెండు రూపాయలు తక్కువంటే బస్సెక్కి వెళ్లే జనం మనవాళ్లు. లైన్లో నిలబడటం కూడా వాళ్లు ఎంచుకున్నదే. సమయం పోతేనేం, డబ్బు మిగలాలనుకున్నారు.

అక్క: ఆ లెక్క పూర్తిగా వేద్దాం. గుజరాత్ ప్రభుత్వం 2023లో కనీస వేతనాలు సవరించినప్పుడు నగరపాలిక ప్రాంతాల్లో నైపుణ్యం అక్కర్లేని పనికి నెలకు సుమారు 11,750 రూపాయలని తేల్చింది. పీఎఫ్, ఈఎస్ఐ, మిగతావి కలుపుకుని కౌంటరు మనిషికి నెలకు 15,000 ఖర్చవుతుందనుకో. రోజుకు 150 మందికి బిల్లు చేస్తుందనుకో, నెలకు 26 రోజులు. అంటే 3,900 మంది. ఒక్కొక్కరి మీద పడే భారం నాలుగు రూపాయల లోపు. నువ్వన్నట్టు సగం రోజు ఖాళీగానే ఉందనుకుందాం, అప్పుడూ ఎనిమిది దాటదు. ఇప్పుడు రెండో వైపు చూడు. అదే 11,750ని రోజులకూ గంటలకూ విడగొడితే గంటకు 56 రూపాయలు. లైన్లో పది నిమిషాలు తగ్గినా కొనేవాళ్లకు తొమ్మిది రూపాయల విలువైన కాలం మిగులుతుంది. ఇంట్లో చీరలకు టిక్కీలు అంటించి ముక్కకింతని సంపాదించే ఇల్లాలికి పది నిమిషాలంటే గాల్లో లెక్క కాదు, చేతికి వచ్చే కూలి. స్టోర్ మిగుల్చుకున్నది నాలుగో ఎనిమిదో, ఆమె పోగొట్టుకున్నది తొమ్మిది. చౌక అని మనం అనుకునే దాంట్లో ఈ భాగం బిల్లు మీద అచ్చుకాదు కాబట్టి కనబడదు. ఎంచుకుని నిలబడ్డారంటున్నావు. లైను ఎంతసేపు పడుతుందో ర్యాకు మీద ధరలాగా గుమ్మం దగ్గర రాసిపెట్టారా, ఎంచుకోవడానికి? సరుకులన్నీ బండిలో వేసుకున్నాక తెలుస్తుంది. రద్దీ ఎప్పుడో తెలియనిది కూడా కాదు. ఈ ఊళ్లో పగార్ ఎప్పుడిస్తారో, సాంచాలు ఏ రోజు ఆగుతాయో, నవరాత్రికి, దీపావళికి ఎంత జనం వస్తారో పిల్లలు కూడా చెప్తారు. సరుకు ఎంత తెప్పించాలో ముందే లెక్కగట్టే కంపెనీకి మనుషులు ఎంతమంది కావాలో లెక్కగట్టడం రాదంటే నేను నమ్మను.

తమ్ముడు: సరే, మనుషులను పెంచాలంటావు. ఆ ఉద్యోగం మరీ అంత హీనమా అన్నది నా రెండో ప్రశ్న. సాంచాల మధ్య చెవులు దిబ్బళ్లు పడుతుంటే, దుమ్ము మింగుతూ పన్నెండు గంటలు నిలబడ్డవాళ్ల బిడ్డ ఏసీలో నిలబడుతోంది. ఎనిమిది తొమ్మిది గంటల్లో షిఫ్టు అయిపోతుంది. జీతం బ్యాంకులో పడుతుంది, పీఎఫ్ నంబరు ఉంటుంది. కిరాణా కొట్లో మూటలు మోసే కుర్రాడికి ఇవేవీ లేవు. పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా వాడు అక్కడే. వాడి గురించి ఏ చట్టం మాట్లాడుతోంది? కాస్త మేలుగా ఉన్నవాణ్ని పట్టుకుని కడుగుతావు, అధ్వాన్నంగా ఉన్నవాణ్ని వదిలేస్తావు.

ఇది తమ్ముడి మాటల్లో అన్నిటికంటే గట్టిది. గుజరాత్ 2019లో తెచ్చిన దుకాణాలు, సంస్థల చట్టం పదిమంది లేదా అంతకు మించి పనివాళ్లున్న చోట్లకే ప్రధానంగా వర్తించేలా వచ్చింది. చిన్న కొట్టు తన వివరాలు తెలియజేస్తే చాలు. ఇరవై నాలుగు గంటలూ దుకాణం తెరిచి ఉంచుకునే స్వేచ్ఛ ఇచ్చిందీ ఆ చట్టమే. దాంతో లాభపడింది ఎక్కువగా పెద్ద స్టోర్లు.

అక్క: కొట్టు కుర్రాడి మాట నిజం, దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు. కానీ వాడి బతుకు బాగుపడాలన్నా ముందు ఎక్కడో ఒక చోట ప్రమాణం నిలబడాలి. అది చట్టం పట్టుకోగల చోటే నిలబడుతుంది. వేల మంది పనిచేసే కంపెనీకి లెక్కలున్నాయి, హాజరు మిషన్లున్నాయి, లాభాలున్నాయి. అక్కడే కుదరదంటే ఇంకెక్కడా కుదరదు. పీఎఫ్ నంబరు ఉందన్నావు, సంతోషం. ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంది? చాలాచోట్ల స్టోర్ బోర్డు ఒకరిది, జీతమిచ్చే కాంట్రాక్టరు ఇంకొకడు. డీమార్ట్ నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ వార్షిక నివేదికల్లోనే పర్మనెంటు ఉద్యోగుల కంటే కాంట్రాక్టు సిబ్బంది కొన్ని రెట్లు ఎక్కువ కనిపిస్తారు. దాపరికమేమీ లేదు, వ్యాపారం ఆ పద్ధతిలోనే నడుస్తోంది. కానీ కౌంటరు అమ్మాయికి దాని అర్థం వేరు. సెలవు స్టోర్ మేనేజర్‌ని అడిగితే కాంట్రాక్టరుని అడగమంటాడు. కాంట్రాక్టరుని అడిగితే మేనేజర్ ఒప్పుకోవాలంటాడు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. సంస్థ ప్రధాన వ్యాపారంలో కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదని కూడా అందులో ఉంది, మినహాయింపులు బోలెడున్నా. దుకాణానికి బిల్లు చేయడం కంటే ప్రధానమైన పని ఏముంది? గల్లాపెట్టెలో డబ్బు తగ్గిందని జీతం కోయాలన్నా ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని చట్టం అంటుంది. ఇవేవీ కొత్త కోరికలు కావు. ఉన్న హక్కులే.

ఇక నిలబడటం. కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు పి. విజి నాయకత్వంలో కూర్చునే హక్కు కోసం, మరుగుదొడ్డికి వెళ్లే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం చట్టం సవరించింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. చెన్నై టి. నగర్ బట్టల దుకాణాల్లో పనిచేసే పిల్లల మీద వసంతబాలన్ తీసిన ‘అంగాడి తెరు’ మనకు ‘షాపింగ్ మాల్’ పేరుతో తెలుగులో వచ్చింది. చూసినవాళ్లెవరూ ఆ నిలబడ్డ కాళ్లను మరిచిపోలేరు. ఇప్పుడు కేంద్రం తెచ్చిన వృత్తి భద్రత కోడ్ 24వ సెక్షన్ నిలబడి చేసే పనుల్లో ఉన్నవాళ్లకు కూర్చునే ఏర్పాట్లు ఉండాలంటోంది. గంటల తరబడి నిలబడితే నడుం నొప్పి, కాళ్లలో సిరల ఉబ్బు వస్తాయని ఏ డాక్టరైనా చెప్తాడు. సాంచా దగ్గర మీ అమ్మానాన్నలు నిలబడ్డారు కాబట్టి నువ్వూ నిలబడు అనడం న్యాయమా? ఆ అమ్మానాన్నలు పిల్లలను అక్కడికి పంపిందే ఆ కష్టం తప్పించాలని.

తమ్ముడు: కోళికోడ్‌లో వాళ్లంతా ఒక భాషవాళ్లు, వెనక సంఘం ఉంది. సూరత్‌లో ఒక స్టోర్‌లో తెలుగు, ఒడియా, మరాఠీ, యూపీ, బిహార్ పిల్లలు కలిసి ఉంటారు. స్టూలు అడిగిన పిల్లను మర్నాడు కాంట్రాక్టరు ఇంకో బ్రాంచికి తోస్తాడు. కొనేవాళ్లు వాళ్ల పక్షాన మాట్లాడతారని ఆశపడకు. వాళ్లే కదా అరిచేది.

అక్క: పనిచేసే పిల్ల ఒంటరిగా అడగలేదన్నది నిజమే. అందుకే నేను కొనేవాళ్ల వైపు చూస్తున్నాను. వాళ్లకు ఉద్యోగం పోయే భయం లేదు. చిన్న చిన్న మొత్తాల మీద పట్టుబట్టి వాళ్లు ఇంతకుముందు గెలిచారు కూడా. 2019లో చండీగఢ్‌లో ఒకాయన మూడు రూపాయల సంచి మీద ఫిర్యాదు చేస్తే, బాటా కంపెనీ 9,000 రూపాయలు కట్టాలని వినియోగదారుల ఫోరం ఆదేశించింది. 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ బిగ్ బజార్ కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది. సరుకంతా ఎంచుకుని కౌంటరు దాకా వచ్చాక సంచికి డబ్బు అడగడం అనుచిత వ్యాపారమని. మన గుజరాత్ హైకోర్టు 2019 జులైలో మాల్స్‌లో పార్కింగ్ రుసుము కుదరదంది. బిల్లుకు ఫోన్ నంబరు తప్పనిసరి చేయవద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పింది. ఈ నంబరు సంగతే చూడు. ‘మీ ఫోన్ నంబరు చెప్పండి’ అని అడగమన్నది పైవాళ్లు. విసుక్కుని ఆమె మీద మండిపడేది మనం. నంబరు వద్దని కంపెనీకి రాసినరోజు కొనేవాళ్లకు ఊరట, కౌంటరు పిల్లకూ ఊరట. ర్యాకు మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర పడితే ఆమెతో పోట్లాడకుండా ఫొటో తీసి ఫిర్యాదు చేయి. అలాంటివి పది వస్తే చీటీలు మార్చడానికి మనిషిని పెట్టక తప్పదు. వరసల మధ్య అట్టపెట్టెలు దారికడ్డంగా పడి ఉంటే అదీ రాయి. 2019లో తక్షశిల ఆర్కేడ్ మంటల్లో 22 మందిని పోగొట్టుకున్న ఊరికి దారి మూసుకుపోవడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఆ పెట్టెలు తీయడానికీ మనిషే కావాలి.

తమ్ముడు: అలా ఒత్తిడి పెంచితే మనుషులను పెట్టరు, మనమే స్కాన్ చేసుకునే మిషన్లు పెడతారు.

అక్క: పెడితే పెట్టనీ. అప్పుడు కౌంటరు పని కూడా కొనేవాళ్ల మీదే పడుతుంది, మిషన్ మొరాయిస్తే పిలవడానికి మళ్లీ మనిషే కావాలి. మిషన్ వస్తుందన్న బెదిరింపు ఇవాళ నిలబడ్డ మనిషికి స్టూలు వేయకపోవడానికి కారణం కాలేదు. ఒక స్టూలు ఖరీదు ఏ స్టోర్‌నీ ముంచదు.

తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ధరలు పెరుగుతాయన్న అతని భయంలో కొంత నిజం ఉందని నేనూ అనుకుంటాను. నాలుగు రూపాయలైనా ఎవరో ఒకరు కట్టాలి, కంపెనీ తన లాభంలోంచి కట్టడానికి దానంతట అది ముందుకు రాదు. అయినా ఆ నాలుగు రూపాయలు బాహాటంగా బిల్లులో పడటమే నాకు న్యాయంగా తోస్తుంది. ఇప్పుడు అవే డబ్బులు ఒక ఇల్లాలి కూలి నిమిషాల్లోంచి, ఒక అమ్మాయి మోకాళ్లలోంచి రాబడుతున్నారు.

సూరత్ తెలుగు సంఘాలు ఏటా పండగలు ఘనంగా చేస్తాయి. వాటికి నాదొక మనవి. మన పిల్లలు పనిచేసే స్టోర్ల మేనేజర్లను ఒకసారి కలిసి కౌంటరుకు ఒక స్టూలు, చేతికి నియామక పత్రం అడగండి. సంఘం పేరుతో అడిగితే ఏ ఒక్క పిల్లా మేనేజర్ కళ్లలో పడదు. కొనేవాళ్లకు ఇంకో మాట. లైన్లో కోపం వచ్చినప్పుడు కౌంటరు అమ్మాయి మీద అరవకండి, బిల్లు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. గుజరాతీ రాకపోయినా ఫర్వాలేదు, అక్కడ తెలుగులో ఫిర్యాదు చెప్పుకోవచ్చు.